సగం కూలి

నాగార్జునసాగర్ కుడి కాలువకు నీళ్లు వదిలింది 1967లో. ఈ కథ అంతకు కొన్నేళ్ల ముందు మొదలైంది. గుంటూరు జిల్లా మెట్ట పొలాలు అప్పట్లో మబ్బుల వంకా బావుల వంకా చూస్తూ బతికేవి. ఒక పల్లెలో ఒక ఆసామి ఉండేవాడు. ఆయనకు పత్తి చేలు, మిరప తోటలు, వాటి మధ్య ఒక బావి, బావి మీద ఒక ఏతం ఉండేవి.

ఏతం చూడనివాళ్ల కోసం రెండు మాటలు. బావి గట్టున పంగల గుంజ పాతి, దాని మీద ఒక పొడుగాటి మాను వేస్తారు. అది పిల్లలు ఊగే తూగుబల్లలా అటూ ఇటూ ఒరుగుతుంది. బావి వైపు కొసకు గడ కట్టి, గడకు బాన వేలాడదీస్తారు. ఒక మనిషి మాను మీదికెక్కి నడుస్తాడు. బావి వైపు నాలుగడుగులు వేస్తే ఆ కొస వంగి బాన నీళ్లలో మునుగుతుంది. వెనక్కి నాలుగడుగులు వేస్తే ఈ కొస దిగి బాన పైకి లేస్తుంది. గట్టున ఉన్న రెండో మనిషి బానను పట్టుకుని కాలువలోకి ఒంపుతాడు. కోడికూతప్పుడు ఎక్కిన మనిషి ఎండ నడినెత్తికొచ్చేదాకా అలా ముందుకీ వెనక్కీ నడుస్తూనే ఉంటాడు. ఊరి పొలిమేర దాటడు గాని, పూటకు ఆమడ దూరం నడుస్తాడు.

ఆసామికి లెక్కలంటే ప్రాణం. వేపచెట్టు కింద నులకమంచం వేసుకుని రోజూ ఏతం పని చూసేవాడు. గట్టు మీద మనిషి వంగుతున్నాడు, లేస్తున్నాడు, తడుస్తున్నాడు. ఆ కష్టం కంటికి కనపడుతోంది. మాను మీద మనిషి మాత్రం పక్కనున్న వెదురు పట్టుకుని పాట పాడుకుంటూ షికారు తిరుగుతున్నట్టుంది. ఇద్దరికీ ఒకే కూలి. ఇది ఆసామికి మింగుడు పడలేదు. చాలా రోజులు ఆలోచించి ఆయన ఒక సంగతి కనిపెట్టాడు. బానను పైకి లేపేది మాను మీది మనిషి బరువు. బరువన్నది మనిషి నడిచినా అంతే, కూర్చున్నా అంతే. అలాంటప్పుడు వాణ్ణి నడిపించడం ఎందుకు? మాను చివర కూర్చోమంటే సరిపోతుంది. కూర్చునే పనికి సగం కూలి చాలు. వాడికీ కాళ్ల నొప్పులు తప్పుతాయి, తనకూ డబ్బు మిగులుతుంది.

ఇంత తెలివితక్కువ లెక్క ఎవరైనా వేస్తారా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. కానీ పొలం ఉన్నవాడి లెక్క తప్పని చెప్పే అలవాటు ఆ రోజుల్లో ఎవరికీ లేదు. ఏతం తొక్కే మనిషి మారు మాట్లాడకుండా వెళ్లి మాను చివర కూర్చున్నాడు.

ఆ కొస నేలకు ఆనింది. ఈ కొస గాల్లోకి లేచింది. నడిబావిలో, నీళ్లకు నిలువెత్తు పైన, ఖాళీ బాన ఊగుతూ నిలబడింది. గట్టు మీది మనిషి గడ పట్టుకుని ఒళ్లంతా వేలాడేసి కిందికి లాగితే బాన ఎప్పటికో మునిగేది. మధ్యాహ్నానికి అతని అరచేతులు బొబ్బలెక్కాయి. కాలువలో పడ్డ నాలుగు బానల నీళ్లు మొదటి మడిలోనే ఇంకిపోయాయి. చివరి మడిలో మిరప నారు, సందేళకు తలకాయలు వాల్చేసింది.

ఆసామి కొడుకు అప్పుడు ఏడెనిమిదేళ్ల పిల్లవాడు. తాటిపండు చీకుతూ ఇదంతా చూశాడు. బాన గాల్లో ఊగుతుంటే పగలబడి నవ్వాడు, నవ్వినందుకు నెత్తిన ఒక మొట్టికాయ కూడా తిన్నాడు.

మర్నాడు తెల్లవారుజామున ఎవరూ చెప్పకుండానే ఆ మనిషి మానెక్కి నడిచాడు. ఆసామి చూసి, చూడనట్టు మంచాన్ని అటు తిప్పుకున్నాడు. కూలి మళ్లీ ఎప్పటిలాగే పూర్తిగా ఇచ్చాడు. కూర్చోబెట్టిన నాటి సగం కూలి మాత్రం బాకీ పడిపోయింది. అడిగినవాడు లేడు, ఇచ్చినవాడు లేడు.

కొడుకు పెద్దవాడయ్యాడు. పంపకాల్లో వచ్చిన వాటా అమ్ముకుని గుంటూరు చేరి మిరపకాయల కమీషను వ్యాపారం పెట్టాడు. కలిసొచ్చింది. బ్రాడీపేటలో ఇల్లు కట్టాడు. ఆ పేటలో ఇళ్ల చిరునామాలు భిన్నాంకాల్లా ఉంటాయి. పైన లైను నంబరు, కింద అడ్డరోడ్డు నంబరు. కొత్తగా వచ్చినవాళ్లు చీటీ చూసి ఇది ఇల్లా, లెక్కల పరీక్షా అని తికమకపడతారు. ఆయన మాత్రం నలభై ఏళ్లున్నా ఆ లైన్లలో కాలినడకన తిరిగింది తక్కువ. ఇంటి ముందు స్కూటరు, తర్వాత కారు. మిర్చి యార్డులో టిక్కీల, అంటే మిరపకాయల బస్తాల, గుట్టల మధ్య ఒక కుర్చీ. హమాలీలు మోసేవాళ్లు, గుమస్తాలు పరుగెత్తేవాళ్లు, రైతులు చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు. ఆయన కూర్చునేవాడు. మన వైపు కూర్చోవడం ఒక హోదా. నిలబడేవాడు పనివాడు, కూర్చున్నవాడు దొర. ఆయనకు ఆ హోదా నడుం నుంచి కిందికి బాగా పట్టేసింది.

ఆయన భార్య దీనికి పూర్తిగా ఎదురు. ఆవిడకు కాలు ఒకచోట నిలవదు. పెళ్లిలో అయినా, సినిమాహాల్లో అయినా, పేరంటంలో అయినా అరగంటకోసారి లేచి ఎటో వెళ్లి వస్తుంది. ఇంటిల్లిపాదీ కాలు కాలిన పిల్లి అని ఆవిణ్ణి ఆటపట్టించేవాళ్లు.

ఆ దంపతుల కూతురు డాలస్‌లో ఉండేది. ఆమెకు నెలలు నిండుతున్నాయి, పురుటికి అమ్మానాన్నలు రావాలని అడిగింది. గుంటూరు, తెనాలి, నరసరావుపేటల్లో ఈ ప్రయాణం ఇప్పుడు కాశీయాత్ర కంటే మామూలైపోయింది. ఆ ఇంట్లో నెల ముందే హడావుడి మొదలైంది. పండుమిరప పచ్చడి, గోంగూర, నల్లకారం, సున్నుండలు, బాలింతకు కాయం, శొంఠి. పెట్టెకు 23 కిలోలు దాటకూడదని ఒక్కో పెట్టెను పదిసార్లు తూచారు. పచ్చడి డబ్బా ఇటు నుంచి అటు, చీర అటు నుంచి ఇటు మార్చారు. ఎదురింట్లో ఒక కుర్ర డాక్టరు ఉండేవాడు. అతను ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసిచ్చాడు. విమానంలో గంటకోసారి లేవాలి, మంచినీళ్లు తాగుతుండాలి, కూర్చున్నప్పుడు పాదాలు ఆడిస్తుండాలి, నిద్రమాత్ర వద్దు. పెద్దాయన కాగితాన్ని భద్రంగా మడిచి, ఫైల్లో పెట్టి, ఫైలును పెద్ద పెట్టెలో అన్నిటికంటే అడుగున పెట్టాడు. ఆ పెట్టె విమానం పొట్టలోకి వెళ్లిపోయింది.

గుంటూరు నుంచి శంషాబాదుకు కారులో ఆరు గంటలు. అక్కడ మూడు గంటలు. గల్ఫ్ దాకా నాలుగు గంటలు. విమానం మారాక పదహారు గంటలు. ఆయనకు కిటికీ పక్క సీటు వచ్చింది. ఆయన కొడుకు ముందే డబ్బు కట్టి తీసిపెట్టాడు, నాన్న మబ్బులు చూడాలని. భార్యకు రెండు వరసల వెనక నడవ పక్కన దొరికింది.

ఆయన పక్క సీట్లలో ఇద్దరు పరాయి దేశస్తులు. భోజనం కాగానే దుప్పట్లు కప్పుకుని నిద్రపోయారు. ఆయనకు కాళ్లు కాస్త బరువెక్కినట్టు అనిపించింది. లేవాలంటే ఇద్దరినీ లేపాలి. లేపాలంటే వాళ్ల భాషలో ఏమని అడగాలో తెలియదు. యార్డులో వందమందిని కసిరిన నోరు, అక్కడ పెగల్లేదు. పైగా ఆ బుల్లి మరుగుదొడ్డి తలుపు ఎటు తోస్తే తెరుచుకుంటుందో అన్న బెరుకు కూడా ఉంది. ఆ బెరుకుతో ఆయన నీళ్లు తాగడం మానేశాడు. తాగకపోతే వెళ్లే పనే ఉండదు కదా. చేతిసంచిని ఎదుటి సీటు కింద తోశాడు, కాళ్లు చాపుకునే చోటు కూడా పోయింది. జేబులోంచి నిద్రమాత్ర తీసి వేసుకున్నాడు. మోకాళ్లు మడిచి, ఎడమ కాలి మీద కుడి కాలు వేసుకుని, గోడకు తల ఆన్చి తొమ్మిది గంటలు కదలకుండా నిద్రపోయాడు. లేచాక, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా ప్రయాణం చేశానని సంతోషపడ్డాడు కూడా.

ఆవిడ ఆ పదహారు గంటల్లో ఎన్నిసార్లు లేచిందో లెక్కలేదు. విమానం తోక భాగంలో, టీ కాచే చోట, చిలకలూరిపేట నుంచి ఒకావిడ, ఒంగోలు నుంచి ఒకావిడ కలిశారు. ముగ్గురూ పురుళ్లకే వెళుతున్నారు. నిలబడి, మడమలెత్తి దించుకుంటూ, కోడళ్ల సంగతులూ అల్లుళ్ల సంగతులూ గంటల తరబడి మాట్లాడుకున్నారు. ఆయన నిద్ర లేచాక ఒకసారి వెనక్కి తిరిగి చూసి, విమానంలో కూడా ఈ కాలు కాలిన పిల్లి వేషాలేమిటని సిగ్గుపడ్డాడు.

దిగిన మూడో రోజు ఆయన ఎడమ కాలికి బూటు పట్టలేదు. పిక్క బిగుసుకుని, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంది. కుడి కాలు మామూలుగానే ఉంది. పిక్క పట్టేసింది, నూనె రాసి గట్టిగా పిసికితే పోతుందని ఆయన తీర్మానించాడు. ఆవిడ నువ్వులనూనె గోరువెచ్చగా కాచి తెచ్చింది. గిన్నె ఇంకా కింద పెట్టకముందే కూతురు గదిలోకి వచ్చింది. ఆమె కడుపు బరువు మోయలేక ఆయాసపడుతూనే తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది. పిసకనివ్వలేదు. ఆ నిండు నెలల మనిషి తండ్రిని ఆస్పత్రికి తీసుకుపోయింది. అక్కడి నర్సులు చక్రాల కుర్చీ తెచ్చి ముందు ఆమెను కూర్చోబెట్టబోయారు.

స్కానింగులో పిక్క లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉన్నట్టు తేలింది. దీనికి డీప్ వెయిన్ థ్రాంబోసిస్ అని పేరు. చూడ్డానికి వచ్చిన డాక్టరు గుంటూరు మెడికల్ కాలేజీలోనే చదువుకున్నవాడు. ఊరివాడు దొరికాడు గనక ఇద్దరికీ కాసేపు శంకర్ విలాస్ సెంటరు మీదా, ఎండల మీదా మాటలు నడిచాయి. తర్వాత పెద్దాయన తన మనసులో ఉన్నది అడిగాడు. ఏమీ చేయలేదు, ఎక్కడా పడలేదు, బరువెత్తలేదు, కేవలం కూర్చున్నాడు. కూర్చుంటే జబ్బెలా వస్తుంది?

డాక్టరు ఆయన చెయ్యి పట్టుకుని మంచం పక్కకు వేలాడదీయించాడు. ముంజేతి మీద సిరలు ఉబ్బాయి. ఒక సిర మీద మణికట్టు దగ్గర ఒక వేలితో నొక్కిపెట్టి, రెండో వేలితో అక్కడి నుంచి మోచేతి వైపు ఒక్కసారి తుడిచి ఆ వేలు తీసేశాడు. ఆ మేర సిర చదునై మాయమైంది. పైన ఉన్న రక్తం కిందికి జారి దాన్ని నింపాలి కదా, నింపలేదు. నొక్కిన వేలు తీయగానే మాత్రం కింది నుంచి బుస్సున నిండింది. సిరల్లో పైకి మాత్రమే తెరుచుకునే సన్నటి తలుపులున్నాయని, ఎక్కిన రక్తాన్ని అవి కిందికి జారనివ్వవని డాక్టరు చెప్పాడు. ఇదే పనిని విలియం హార్వే అనే ఇంగ్లిషు వైద్యుడు 1628లో అచ్చైన తన పుస్తకంలో బొమ్మలు వేసి చూపించాడట. పెద్దాయన ఆ తర్వాత ఒక్కడే ఉన్నప్పుడు తన రెండో చేతి మీద అదే చేసి చూసుకున్నాడు. నాలుగుసార్లు చేశాడు, నాలుగుసార్లూ నిజమైంది. కావాలంటే మీరూ చేసి చూడవచ్చు. సిరలు కనపడే చేయి ఉంటే చాలు.

తలుపులు జారిపోకుండా ఆపగలవే గాని, పైకి నెట్టలేవు. గుండె రక్తాన్ని పాదాల దాకా తోస్తుంది గాని, అక్కడికి చేరేసరికి ఆ తోపులో ఊపు చాలా మట్టుకు పోతుంది. అడుగు వేసినప్పుడల్లా పిక్క కండ బిగిసి, లోపలి సిరను పిండి, రక్తాన్ని పైకి ఎక్కిస్తుంది. వైద్యులు పిక్కను రెండో గుండె అనేది ఇందుకే. గంటలకు గంటలు కదలకపోతే రక్తం సిరల్లో మందగిస్తుంది, నీళ్లు తాగక ఒళ్లు ఆరిపోవడం దానికి మరింత చేటు. మడిచిన మోకాలి వెనక సీటు అంచు ఒరుసుకుంటే దారి ఇంకా ఇరుకవుతుంది. గడ్డ అక్కడే ఉంటే కాలు వాపు. తెగి కొట్టుకుపోయి ఊపిరితిత్తుల్లో అడ్డుపడితే ప్రాణం మీదికి వస్తుంది. నూనె రాసి గట్టిగా పిసికితే జరిగే ప్రమాదం అదేనని డాక్టరు చెప్పినప్పుడు, గుమ్మం దగ్గర నిలబడ్డ ఆవిడ గోడ పట్టుకుంది.

అయితే ఇది విమానం తెచ్చిన జబ్బు కాదు. 1940లో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు జనం రాత్రుళ్లు భూగర్భ ఆశ్రయాల్లో గుడ్డ కుర్చీల్లో కూర్చుని తెల్లవార్చేవాళ్లు. ఆ కుర్చీ ముందు భాగంలో ఉండే కర్ర మోకాళ్ల వెనక నొక్కేది. బాంబులకు దొరకనివాళ్లు కొందరు తెల్లారి ఇంటికి వెళుతూ కుప్పకూలి చనిపోయారు. కీత్ సింప్సన్ అనే వైద్యుడు శవాలు పరీక్షించి, ఊపిరితిత్తుల్లో గడ్డలు చూసి, ఆ సంగతి లాన్సెట్ పత్రికలో రాశాడు. 1954లో జాన్ హోమన్స్ అనే అమెరికన్ సర్జన్ విమాన ప్రయాణాలతో పాటు కారు ప్రయాణాల తర్వాత కూడా ఇలాగే గడ్డలు కట్టినట్టు రాశాడు. ఆ లెక్కన మన రాత్రి బస్సుకూ, రైలు కుర్చీకీ మినహాయింపు లేదు.

డాక్టరు ఊరికే భయపెట్టే మనిషి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తేల్చిన లెక్క చెప్పాడు. నాలుగు గంటలు మించి కదలకుండా ప్రయాణం చేస్తే ఈ ముప్పు రెండింతలవుతుంది. రెండింతలైనా ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఆరు వేల మందికి ఒకరి మాటే. విమానం దిగినవాళ్లలో రెండు పాదాలూ కాస్త ఉబ్బడం మామూలే, ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఒక్క కాలే వాచి, నొప్పి, వేడి ఉంటే ఆగకూడదు. హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో పోటు, దగ్గులో రక్తం కనిపిస్తే క్షణం కూడా ఆగకూడదు. పెద్ద వయసు, ఊబకాయం, ఈమధ్యే అయిన ఆపరేషను, క్యాన్సరు, ఇదివరకు ఒకసారి గడ్డ కట్టి ఉండటం, గర్భనిరోధక మాత్రలు, ఇవన్నీ ముప్పును పెంచుతాయి. చివరికి డాక్టరు కూతురి వైపు తిరిగి, గర్భిణికీ, కాన్పయ్యాక ఆరు వారాల దాకా బాలింతకూ ఈ ముప్పు ఎక్కువేనని, తండ్రి కాలు చూసి తన కాళ్లను మరిచిపోవద్దని చెప్పాడు. మన ఇళ్లలో బాలింతను మంచం దిగనివ్వకపోవడాన్ని ప్రేమ అనుకుంటాం. ఆవిడ డాక్టరు మాట విని, వచ్చిన పనికి తను వేసుకున్న పథకాలన్నీ లోలోపల మార్చుకుంది.

రక్తం పలచబడే మందులు రాసిచ్చారు. మూడు నెలలు పూట తప్పకుండా వేసుకోవాలి. నడవవచ్చునా అని ఆయన భయపడుతూ అడిగితే, నడవమనే చెప్పారు.

ఆ రాత్రి ఆస్పత్రి మంచం మీద ఆయనకు నిద్ర పట్టలేదు. దుప్పటి కింద పాదాలు ఆడించడం మొదలుపెట్టాడు. వేళ్లు పైకి, మడమ కిందికి. మడమ పైకి, వేళ్లు కిందికి. పిక్క బిగుస్తోంది, వదులవుతోంది. చీకట్లో ఆ కదలిక ఎక్కడో చూసినట్టుంది. ముందుకు నాలుగు, వెనక్కి నాలుగు. అరవై ఏళ్ల కింద తాటిపండు చీకుతూ తను పగలబడి నవ్విన మధ్యాహ్నం, గాల్లో ఊగుతున్న ఖాళీ బాన, వాలిపోయిన మిరప నారు వరసగా గుర్తొచ్చాయి. ఎందుకు గుర్తొచ్చాయో ఎవరికీ చెప్పలేదు. నర్సు వచ్చి నొప్పిగా ఉందా అని సైగ చేసి అడిగితే లేదని తల ఊపి, కళ్లు తుడుచుకున్నాడు.

వారానికి మనవరాలు పుట్టింది. ఆరు నెలలకు ఆ దంపతులు తిరుగు ప్రయాణమయ్యారు. అప్పటికి కాలు నయమై, ప్రయాణానికి డాక్టరు సరేనన్నాడు. ఈసారి ఆయన కిటికీ వద్దని నడవ పక్క సీటు అడిగి తీసుకున్నాడు. డాక్టరు కొలతలు తీసి ఇప్పించిన బిగుతు మేజోళ్లు మోకాలి కిందిదాకా తొడుక్కున్నాడు. వేసుకోవడానికి పావుగంట పట్టింది, ఆవిడ ఒక వైపు లాగితే ఆయన ఒక వైపు లాగాడు. ఆస్పిరిన్ ఒకటి వేసుకుంటే ఈ తిప్పలన్నీ తప్పవా అని ముందే అడిగి, ఇందుకోసం సొంతంగా వేసుకోకూడదని చెప్పించుకున్నాడు. చేతిసంచిని పైఅరలో పెట్టాడు. అడిగి మరీ నీళ్లు తాగాడు. తాగిన నీళ్లు ఊరుకోవు గనక గంటకోసారి లేవక తప్పలేదు. అది ఆ వైద్యంలో దాగి ఉన్న ఇంకో సుగుణం. వెనక టీ కాచే చోట ఆడవాళ్ల గుంపులో ఒక్క మగవాడుగా నిలబడి, మడమలెత్తి దించుకుంటూ, మిరప ధరల గురించి ఎవరూ అడగకపోయినా చెప్పుకొచ్చాడు.

బ్రాడీపేట చేరాక ఆయన పొద్దున్నే ఒకటో లైను నుంచి మొదలుపెట్టి అడ్డరోడ్లన్నీ లెక్కపెట్టుకుంటూ నడిచేవాడు. నలభై ఏళ్లు తానున్న పేటలో ఏ భిన్నాంకం పక్కన ఏది వస్తుందో అప్పుడే ఆయనకు తెలిసింది. వీధిలోవాళ్లు అమెరికా వెళ్లొచ్చి పెద్దాయన కూడా కాలు కాలిన పిల్లి అయిపోయాడని నవ్వుకున్నారు. ఆయన కూడా నవ్వాడు.

ఒక ఆదివారం తన పల్లెకు వెళ్లాడు. బావి పూడ్చేశారు, అక్కడ బోరు మోటారు నడుస్తోంది. ఏతం తొక్కిన మనిషి ఎప్పుడో పోయాడు. అతని మనవడు ఊళ్లోనే ట్రాక్టరు నడుపుతున్నాడు. ఆ ఇంటి ముందు వేపచెట్టు కింద పాత ఏతం మాను రెండు రాళ్ల మీద అడ్డంగా వేసి ఉంది. సాయంత్రాలు జనం దాని మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. కూర్చుని కూర్చుని నున్నగా మెరుస్తోంది. మనవడు తువ్వాలుతో దులిపి ఆయన్ను కూర్చోమని బలవంతం చేశాడు. ఆయన కూర్చోలేదు. జేబులోంచి ఒక కవరు తీసి, ఇది మీ తాతకు మా నాన్న పడ్డ బాకీ అని చెప్పి చేతిలో పెట్టాడు. ఎంత బాకీ అని మనవడు అడిగితే అరపూట కూలి అన్నాడు. కవరు లావు చూసి మనవడికి లెక్క అర్థం కాలేదు. ఆయన చెప్పులు విప్పి, కుర్రవాడి భుజం ఆసరా చేసుకుని, మాను మీదికెక్కి ఆ కొస నుంచి ఈ కొసకు నాలుగడుగులు, మళ్లీ వెనక్కి నాలుగడుగులు వేశాడు. అక్కడున్న పిల్లలు పగలబడి నవ్వారు. వాళ్లను ఎవరూ మొట్టలేదు.

ఇక ఈ కథ భావం. మన ఒంట్లో బావి పాదం, నారుమడి గుండె, మాను మీద నడిచే ఆ కూలిమనిషి మన పిక్క. అతను కూర్చున్నంతసేపూ నీళ్లు సరిగా పైకి లేవవు. పక్క సీటు మనిషిని నిద్రలేపడానికి మొహమాటపడి గంటల తరబడి కదలకుండా ఉన్నప్పుడు, ఒంటికి విశ్రాంతి ఇస్తున్నామనుకుంటూ మనం వేసేది ఆ ఆసామి వేసిన లెక్కే.

ఆ పెద్దాయన ఇప్పటికీ హైదరాబాదు వెళ్లేటప్పుడు బస్సు టీ కోసం ఆగితే అందరికంటే ముందు దిగుతాడు. టీ తాగడు. బస్సు చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చి, నిద్రపోతున్న పక్క సీటు మనిషిని భుజం తట్టి లేపుతాడు.